ట్రాక్‌బాల్ బేరింగులను కడిగి నూనె వేయడం: సమగ్ర మార్గదర్శి

ఆర్కేడ్ యంత్రంలోని ట్రాక్‌బాల్‌ను అరచేత్తో గట్టిగా ఒక్క తోపు తోసి వదిలితే, చెయ్యి తీసిన తరువాత కూడా బంతి కొంతసేపు తనంతట తానే దొర్లుతూ ఉండాలి. 1978లో అటారీ సంస్థ ఫుట్‌బాల్ ఆట ఈ పరికరానికి పేరు తెచ్చింది. అప్పటి నుంచి 1980 నాటి మిసైల్ కమాండ్, ఆ మరుసటి ఏటి సెంటిపీడ్ మీదుగా ఇటీవలి గోల్ఫ్ యంత్రాల వరకు ఆటగాడి చేతి నైపుణ్యమంతా ఆ దొర్లుడు మీదనే ఆధారపడి ఉంది. బంతి వదిలిన చోటనే నిలిచిపోతున్నా, గరగరమని శబ్దం చేస్తున్నా, ఒక దిక్కుకు తేలికగా మరో దిక్కుకు బరువుగా కదులుతున్నా, పదింట ఎనిమిదిసార్లు తప్పు ఎలక్ట్రానిక్ బోర్డుది కాదు, బంతి కింద దాగిన చిన్న బేరింగులది, అంటే రెండు ఉక్కు వలయాల మధ్య చిన్న గుండ్లు పరుగెత్తే భాగాలది.

నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటూ అక్కడి నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వరకు వెళ్లి ఆట యంత్రాలు బాగుచేస్తుంటాను. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి, జాతర మైదానాల దుమ్ము, వానాకాలపు చెమ్మ కలిసి బేరింగును ఎలా పాడుచేస్తాయో చూస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒక్క విషయం మొదటే చెప్పాలి. మురికి బేరింగులో నూనె పోస్తే ఆ పూటకు బాగైనట్లు కనిపిస్తుంది కానీ, ఆ నూనె దుమ్ముతో కలిసి సానపట్టే ముద్దగా మారి, మూడు నెలల్లో ఉక్కు గుండ్లను అరగదీస్తుంది. కనుక ముందు పూర్తిగా కడగాలి, ఆ తరువాతనే నూనె.

లోపలి అమరిక

బంతి మూడు ఆధారాల మీద కూర్చుంటుంది. వాటిలో రెండు, ఒకదానికొకటి లంబంగా అమర్చిన రోలర్లు. ఒకటి అడ్డం కదలికను, మరొకటి నిలువు కదలికను పట్టుకుంటుంది. మూడవది పొట్టి ఇరుసు మీద తిరిగే ఉత్త ఆధారం. దాని పని బంతిని నిలబెట్టడమే. ఒక్కొక్క రోలరు ఇరుసుకు రెండు చివరలా ఒక్కొక్క బేరింగు ఉంటుంది. రోలరు ఇరుసుకు ఒక కొసన చీలికలున్న పలుచని చక్రం ఉంటుంది. ఆ చక్రం పరారుణ కాంతినిచ్చే ఎల్‌ఈడీకీ, దానికి ఎదురుగా ఉండి కాంతిని పసిగట్టే ఫోటో ట్రాన్సిస్టర్‌కూ మధ్య తిరుగుతూ కాంతిని అడ్డగిస్తూ వదులుతూ ఉంటుంది. ఒక్కో రోలరుకు రెండు సంకేతాలు పావు ఆవృత్తం తేడాతో వెలువడతాయి కాబట్టి, వాటిలో ఏది ముందు వచ్చిందో చూసి బోర్డు బంతి ఎటు తిరిగిందో గ్రహిస్తుంది. రెంటిలో ఒకటి మూగబోతే తెర మీద గుర్తు ముందుకు సాగకుండా ఉన్నచోటనే వణుకుతుంది. ఈ లక్షణం గుర్తుంచుకుంటే బేరింగులను అనవసరంగా విప్పే శ్రమ తప్పుతుంది.

విప్పే ముందు

ముందుగా బంతిని నాలుగు దిక్కులకూ, ఆపై ఐమూలగానూ తిప్పి, ఎంతసేపు దొర్లుతోందో ఫోనులో వీడియో తీసుకోండి. పని ముగిశాక పోల్చి చూడడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఉండదు. గరగర శబ్దం వస్తే బేరింగులో ఇసుక గానీ తుప్పు గానీ చేరినట్లు లెక్క. కీచుమంటే నూనె ఎండిపోయింది. ఒక తాళంతో టకటకమని కొట్టుకుంటే రోలరు మీద గాడి పడి ఉంటుంది. బంతి సాఫీగానే తిరుగుతూ తెర మీద గుర్తు మాత్రం ఎగిరెగిరి పడుతుంటే, కాంతి పరికరం మీద దుమ్ము చేరి ఉండవచ్చు, లేదా తీగల కనెక్టరు వదులై ఉండవచ్చు.

తరువాత యంత్రాన్ని ఆపి, ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసివేయండి. పాత పెట్టెల్లో గాజు పిక్చర్ ట్యూబు ఉంటే, కరెంటు తీసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది కాబట్టి ఆ దరిదాపుల్లోకి చెయ్యి పోనివ్వకూడదు. పని చేసే చోట తెల్లని పాత పంచె గానీ దుప్పటి గానీ వేసుకోండి. జారిపడిన చిన్న స్క్రూ సిమెంటు గచ్చు మీద దొరకదు, తెల్లబట్ట మీద దొరుకుతుంది.

యూనిట్‌ను విప్పడం

కంట్రోలు పలకను లోపలి కొక్కేలు వదులు చేసి ఎత్తి, ట్రాక్‌బాల్ నుంచి వచ్చే తీగల కట్టను ఫోటో తీసి, అప్పుడు కనెక్టరు ఊడదీయండి. సాధారణంగా ఆరు తీగలుంటాయి: 5 వోల్టులకు ఒకటి, గ్రౌండుకు ఒకటి, అడ్డం కదలికకు రెండు, నిలువు కదలికకు రెండు. తీగలను పట్టి లాగవద్దు, కనెక్టరు దవడలను పట్టి తీయాలి. యూనిట్ పలక నుంచి ఊడివచ్చాక దాన్ని ఎల్లప్పుడూ బంతి పైకి ఉండేలా పట్టుకోవాలి, లేకపోతే మూత వదులైన క్షణంలో బంతి కాలి మీద పడుతుంది.

పై మూత స్క్రూలు తీసి బంతిని పక్కన పెట్టిన తరువాత, ఇంకేదీ కదపకుండా లోపలి భాగాన్ని పైనుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒక ఫోటో తీసుకోండి. ఈ దశలో ఒక్కొక్క రోలరును వేలితో చిటికె వేసినట్లు తిప్పి చూస్తే, ఏ రోలరు తిరుగుతోందో ఏది మొరాయిస్తోందో వెంటనే తెలిసిపోతుంది. ఆ తరువాత చీలికల చక్రానికి అటూ ఇటూ ఉన్న చిన్న బోర్డును ముందు తప్పించి, అప్పుడే రోలరును బయటికి తీయాలి. ఈ వరుస తప్పితే చక్రం అంచు బోర్డుకు తగిలి వంగుతుంది. వంగిన చక్రాన్ని సరిచేయడం చాలా కష్టం.

అడ్డం రోలరు, నిలువు రోలరు, పొట్టి ఇరుసు, వీటి బేరింగులను మూడు వేరువేరు గిన్నెల్లో ఉంచండి. వాడిన బేరింగు తన ఇరుసుకు, తన గూటికి అలవాటుపడి ఉంటుంది. వాటిని కలగాపులగం చేయడం మంచిది కాదు.

బేరింగు ఇరుసును వదలకపోతే రెండు చుక్కల కిరసనాయిలు వేసి అరగంట ఆగి, లోపలి వలయం కింద రెండు పలుచని స్క్రూడ్రైవర్లను ఎదురెదురుగా పెట్టి సమానంగా పైకి నెట్టాలి. బయటి వలయాన్ని పట్టి లాగడం, దాని మీద సుత్తితో కొట్టడం ఎన్నడూ చేయకూడదు. ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి అవి పరుగెత్తే దారిలో కంటికి కనిపించని గుంటలు పెడుతుంది, ఆ బేరింగు ఎంత కడిగినా గరగరలాడుతూనే ఉంటుంది.

మూతలు తీయడం

బేరింగు పక్కలు పూర్తిగా తెరిచి ఉండి లోపలి గుండ్లు కనిపిస్తుంటే నేరుగా కడగవచ్చు. రేకు మూతలుంటే వాటిని పట్టి ఉంచే సన్నని తీగ వలయం ఉందేమో భూతద్దంతో చూసి, దాని కొసను గుండుసూదితో పైకి లేపితే వలయమూ మూతా వరుసగా ఊడివస్తాయి. వలయం లేకుండా నొక్కి బిగించిన రేకు మూతలైతే తీసేటప్పుడు వంగిపోతాయి, తిరిగి పెట్టడానికి పనికిరావు. అలాంటి బేరింగుకు ఒక పక్క మూత మాత్రమే తీసి, బిగించేటప్పుడు మూత ఉన్న పక్కను బంతి వైపు ఉంచండి, ఎందుకంటే దుమ్ము రాలేది బంతి వైపు నుంచే. రబ్బరు మూతలను లోపలి అంచు దగ్గర సూదితో సున్నితంగా లేపి, వాటిని సబ్బునీటితో మాత్రమే కడిగి ఆరబెట్టాలి.

కడగడం

మూత బిగించగల చిన్న గాజు సీసాలో బేరింగులు మునిగేంత కిరసనాయిలు పోసి రాత్రంతా నాననివ్వండి. ఎండి గట్టిపడిన పాత గ్రీజును కరిగించేది ఈ నానబెట్టడమే. ఉదయం సీసాను బాగా కుదిపి, ఆ మురికి కిరసనాయిలును పారబోసి, కొత్తది పోసి, పాత పళ్ల బ్రష్షుతో గుండ్ల మధ్య నుంచి తోమాలి. కిరసనాయిలు తేటగా మిగిలే వరకు, అంటే సాధారణంగా మూడు విడతలు, ఇలా చేయాలి. పెట్రోలు ఇంకా త్వరగా పనిచేస్తుందని మా వైపు కొందరు వాడతారు కానీ, దాని ఆవిరి గదంతా పరచుకుని ఎక్కడో ఉన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. నేను వాడను. గోళ్లరంగు తుడిచే ద్రవం, పెయింటు థిన్నర్ వంటివి ప్లాస్టిక్ పెట్టెను, కొన్ని బేరింగుల్లో గుండ్లను ఎడంగా పట్టి ఉంచే ప్లాస్టిక్ పంజరాన్ని కూడా తినివేస్తాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఠాకురాణి జాతర రోజుల్లో ఒక ఆటల దుకాణం యజమాని ట్రాక్‌బాల్ బిగుసుకుపోయిందని యూనిట్ పంపించారు. మూడుసార్లు కిరసనాయిలులో కడిగి, నూనె వేసి ఇచ్చాను. రెండో రోజునే “బాబూ, మళ్లీ పట్టేసింది” అని ఆయన ఫోను చేశారు. విప్పి నాలుకతో కాదు గానీ వేలితో తాకితే బంకగా ఉంది. ఎవరో బంతి మీద కూల్‌డ్రింకు ఒలకబోశారు. చక్కెర కిరసనాయిలులో కరగదు, ఆల్కహాలులోనూ సరిగా కరగదు. అది కరిగేది నీటిలోనే. అప్పటి నుంచి మురికి నల్లగా జిడ్డుగా ఉంటే కిరసనాయిలుతోనూ, గోధుమరంగులో జిగురుగా ఉంటే ముందు గోరువెచ్చని నీటితోనూ మొదలుపెడుతున్నాను. నీటితో కడిగిన బేరింగును మాత్రం ఒక్క నిమిషం కూడా అలా వదిలేయకుండా వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచాలి.

చివరి కడుగు ఏదైనా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోనే పూర్తి కావాలి. కిరసనాయిలు వదిలే పలుచని జిడ్డు పొరను అది తీసివేస్తుంది, లోపల చిక్కుకున్న నీటిని తనలో కలుపుకుని ఆరిపోతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే 99 శాతం రకం తీసుకోండి. కోవిడ్ కాలంలో మిగిలిపోయిన చేతుల శానిటైజర్ ఇందుకు పనికిరాదు, దానిలో నీరూ గ్లిజరినూ ఉంటాయి. గ్లిజరిన్ ఆరదు, బేరింగులో బంకలా నిలిచిపోతుంది.

ఆరబెట్టడానికి నీడలో, ఫ్యాను కింద, శుభ్రమైన బట్ట మీద పరచితే చాలు. పంక్చర్ల కొట్టుకు తీసుకెళ్లి కంప్రెసర్ గాలితో బేరింగును గిర్రున తిప్పి ఆనందించే అలవాటు చాలామంది మెకానిక్కులకు ఉంది. నూనె లేని పొడి గుండ్లు ఆ వేగంతో తిరిగితే వాటి దారి గీతలు పడుతుంది, ఒక్కోసారి బేరింగు విడిపోయి ముక్కలు కంటికి తగలవచ్చు. గాలి పెట్టవలసి వస్తే రెండు వలయాలనూ వేళ్లతో కదలకుండా పట్టుకోవాలి.

ఆరిన వెంటనే నూనె వేయడం మా ప్రాంతంలో మరీ ముఖ్యం. మామూలు బేరింగు ఉక్కులో క్రోమియం ఒకటిన్నర శాతం దాకానే ఉంటుంది. తుప్పు పట్టని ఉక్కు అనిపించుకోవాలంటే అది పదిన్నర శాతమైనా ఉండాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తరువాతి వారాల్లో, సాయంత్రం కడిగి, కరెంటు లేక పొద్దుటికి వాయిదా వేసిన బేరింగుల మీద తెల్లారేసరికి ఎర్రని చుక్కలు కనిపించడం నేను కళ్లారా చూశాను.

ఉంచాలా, మార్చాలా

నూనె లేకుండానే బేరింగు లోపలి వలయాన్ని వేలిమీద పెట్టి, బయటి వలయాన్ని మెల్లగా తిప్పండి. ఎండిన బేరింగు కాస్త సన్నని గలగల శబ్దం చేయడం సహజం. ప్రతి చుట్టులోనూ ఒకే చోట చిక్కుతున్నట్లు వేలికి తెలిస్తే మాత్రం మరొకసారి కడిగి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే అది మురికి కాదు, గుంట. మార్చవలసిందే. వలయాలు ఒకదానికొకటి అటూ ఇటూ ఊగుతున్నా, గుండ్ల దారిలో గోధుమరంగు మచ్చలున్నా మార్చాలి.

కొత్తది కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. 3 అంగుళాల బంతి ఉండే చాలా యూనిట్లలో ఇరుసు పావు అంగుళం మందం ఉంటుంది, బేరింగు ఆర్4 అనే అంగుళాల కొలత రకం: లోపలి వ్యాసం 6.35 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 15.875, వెడల్పు 4.978. బేరింగుల కొట్టులో పాత బేరింగు చూపించి అడిగితే చాలాసార్లు 696 నంబరు చేతిలో పెడతారు. దాని కొలతలు 6, 15, 5. చూడడానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కానీ 6 మిల్లీమీటర్ల రంధ్రంలో పావు అంగుళపు ఇరుసు దూరదు, దూర్చాలని ఇరుసును ఆకురాయితో అరగదీస్తే యూనిట్ పాడైనట్లే. ఒక కొట్టువాడు “ఒకటే సార్, కొంచెం కొట్టి ఎక్కించండి” అని నాకే అంటగట్టాడు. కనుక వెర్నియరు అనే సూక్ష్మ కొలత పరికరంతో కొలిచి, కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ యూనిట్‌లోనిది ఆర్4 కాకపోవచ్చు కూడా. కొలతే ప్రమాణం. ఇక్కడ దొరకకపోతే విశాఖపట్నం నుంచి తెప్పించుకోవడం సులువు. రేకు మూతలున్న ఆర్4జడ్‌జడ్ కొంటే, అందులో కర్మాగారం నింపిన గ్రీజును కూడా పై పద్ధతిలో కడిగివేసి నూనె వేసుకోవచ్చు.

నూనె ఎందుకు, గ్రీజు ఎందుకు కాదు

గ్రీజు అంటే నూనెను పీల్చుకుని పట్టి ఉంచే ఒక రకం సబ్బు ముద్ద. బరువు ఎక్కువగా ఉండి, ఏళ్ల తరబడి విప్పకుండా తిరగవలసిన చోట అది అవసరం. ట్రాక్‌బాల్ బేరింగు పరిస్థితి వేరు. వంద కిలోలకు పైబడిన భారం మోయగల బేరింగు మీద ఇక్కడ ఉండేది అర కిలో కూడా తూగని బంతి, ఆటగాడి అరచేయి మాత్రమే. ఈ తేలిక బరువుకు గ్రీజు ఇచ్చే రక్షణ అక్కరలేదు, అది గుండ్లను పట్టి ఆపే బరువే మిగులుతుంది. అందుకే గ్రీజు నింపిన కొత్త బేరింగులు వేసిన తరువాత కూడా “బంతి బండగా ఉంది” అని ఆటగాళ్లు ఫిర్యాదు చేస్తారు.

కుట్టుమిషను నూనె ఈ పనికి చక్కగా సరిపోతుంది. పలుచగా ఉంటుంది, తేటగా ఉంటుంది, ఏ వీధి కొట్టులోనైనా దొరుకుతుంది. దాన్ని సూది తీసిన సిరంజిలో పీల్చి, తరువాత సన్న సూది తగిలించి, ఒక్కో బేరింగులో గుండ్ల మధ్య ఒకే ఒక చుక్క వేయండి. వేలితో ఇరవై చుట్లు తిప్పి, బట్ట మీద పెట్టి అదనపు నూనెను పీల్చనివ్వండి. రెండో చుక్క వేయాలనే ఆశ కలుగుతుంది, వేయవద్దు. అదనంగా వేసిన నూనె ఇరుసు వెంట పాకి రోలరు మీదికి, అక్కడి నుంచి బంతి మీదికి చేరుతుంది. బంతి రోలరును తిప్పేది ఒరిపిడి వల్లనే కనుక, ఆ రెంటి మధ్య నూనె చేరితే బంతి తిరుగుతుంది, రోలరు తిరగదు, తెర మీద గుర్తు కదలదు.

వంటనూనెలు వద్దే వద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల ప్రాంతంలో పేరుకుంటుంది, కోరాపుట్ చలికాలపు ఉదయాన ఆ బేరింగు తిరగనే తిరగదు. వేరుశనగ, ఆవనూనెలు గాలి తగిలి కొన్ని నెలల్లో జిగురుగా మారతాయి. డబ్ల్యూడీ-40 ప్రధానంగా నీటిని తొలగించడానికి తయారైన ద్రవం. బిగుసుకున్న స్క్రూకు మంచిదే, కానీ బేరింగులో నిలిచి పనిచేసే నూనెగా దాన్ని లెక్కించకూడదు.

ఒక మినహాయింపు ఉంది. ఊరూరా తిరిగే జాతర యంత్రాలను ఏడాదికోసారి కూడా విప్పే అవకాశం ఉండదు, దుమ్ము విపరీతం. వాటికి రెండు పక్కలా మూతలున్న బేరింగులను వాటి గ్రీజుతోనే వదిలేస్తాను. బంతి కాస్త బరువుగా తిరుగుతుంది, కానీ నడుస్తుంది.

రోలర్లు, బంతి, కాంతి పరికరం

రోలర్ల నడుమ నల్లని పట్టీలా మురికి పేరుకుంటుంది. మిరపకాయ బజ్జీలు తిన్న చేతులే దానికి మూలం. ఆల్కహాలు తడిపిన బట్టతో ఆ పట్టీ పూర్తిగా పోయే వరకు తుడవండి. గరుకు కాగితం వాడవద్దు. తుడిచాక గోరుతో గీస్తే గాడి తగిలితే రోలరు మార్చాలి. బంతిని సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టి, ఆపై చేతులు కడుక్కున్న తరువాతనే తాకాలి.

చీలికల చక్రం మీది దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపి, ఎల్‌ఈడీ, దాని ఎదుటి గ్రాహకం ముఖాలను ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తుడిచి, దూది పోగు ఒక్కటి కూడా మిగలకుండా చూడాలి. యూనిట్‌కు కరెంటు ఇచ్చినప్పుడు ఫోను కెమెరాలో చూస్తే, చాలా ఫోన్లలో, పనిచేస్తున్న పరారుణ ఎల్‌ఈడీ లేత ఊదారంగులో వెలుగుతూ కనిపిస్తుంది.

తిరిగి బిగించడం

బేరింగును ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి వలయాన్నే నొక్కాలి, గూటిలో కూర్చోబెట్టేటప్పుడు బయటి వలయాన్నే నొక్కాలి. అది గూటిలో వంకర లేకుండా కూర్చున్న తరువాత ఇరుసుకు వెంట్రుకవాసి అటూ ఇటూ కదిలే వీలుండాలి. ఆ వీలు లేకుండా బిగిస్తే ఎంత మంచి నూనె వేసినా గుండ్లు నలుగుతాయి. చక్రం కాంతి పరికరపు సందుకు సరిగ్గా నడుమ, ఎక్కడా తగలకుండా తిరుగుతోందని చూసుకోండి.

బంతి పెట్టకముందే రోలర్లను చిటికెతో తిప్పి చూడండి. తేడా ఏదైనా ఉంటే ఇక్కడే దొరకాలి. తరువాత బంతి పెట్టి, మూత స్క్రూలను ఒకదాని తరువాత దానికి ఎదురుగా ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. బంతి చుట్టూ వలయపు సందు అంతటా సమానంగా ఉండాలి. ఒక పక్క ఆనుకుంటే ఆ దిక్కుకు బంతి రాసుకుంటూ తిరుగుతుంది, మనం బేరింగును అనుమానిస్తాం.

కనెక్టరు పెట్టి, యంత్రం పరీక్షా విధానంలోకి (టెస్ట్ మోడ్) వెళ్లి, మొదట తీసిన వీడియోలోలాగే నాలుగు దిక్కులకూ, ఐమూలగానూ తిప్పండి. ఒక దిక్కు మాత్రమే ఇంకా బరువుగా ఉంటే ఆ రోలరు గిన్నెలోని రెండు బేరింగులను మాత్రమే మళ్లీ చూస్తే సరిపోతుంది. గుర్తు తిరగవలసిన దిక్కుకు ఎదురుగా పోతుంటే ఆ కదలిక జతలోని రెండు తీగలు తారుమారయ్యాయి, మొదట తీసిన ఫోటో అందుకే.

పని పూర్తయ్యాక కంట్రోలు పలక లోపలి వైపున ఒక కాగితం ముక్క అతికించి, తేదీ, వేసిన నూనె, మార్చిన బేరింగు నంబరు రాయండి. తీరానికి దగ్గరి యంత్రాలకు జూన్‌లో వానలు మొదలయ్యే ముందు ఒకసారి, వానలు తగ్గాక మరొకసారి ఒక్కో చుక్క నూనె వేస్తాను. రాయగడ వైపు కొండ ఊళ్లలోని వాటికి ఏడాదికి ఒకసారి సరిపోతోంది. బంతిని, రోలర్లను తుడవడం మాత్రం ఎక్కడైనా వారానికోసారి చేయించాలి. దానికి మెకానిక్కు అక్కరలేదు, దుకాణంలో పనిచేసే కుర్రవాడు పది నిమిషాల్లో చేయగలడు.